భవాని పేటలో పందొమ్మిదో అధికరణం

నేను పిరికివాణ్ణి. ఈ మాట మొదటే చెప్పేస్తే మంచిది. కుక్క మొరిగితే సందు మారతాను. కార్డు మూలకు పసుపు లేకపోతే చావుకబురేమోనని చదవకముందే అరుగు మీద కూలబడతాను. అలాంటి నేను ఒంటరిగా రైలెక్కి సోలాపూరు వెళ్లివచ్చానంటే మా బళ్లో తోటి పంతుళ్లు ఇప్పటికీ నమ్మడం లేదు. వెళ్లి వచ్చాను కాబట్టి, వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను.

వెళ్లక తప్పని పని పడింది. మా అక్క రాజవ్వ ముప్పై ఏళ్లుగా సోలాపూరులో ఉంటోంది. మేం సిద్దిపేట నేతవాళ్లం. మా వైపు నుంచి ఎన్ని కుటుంబాలు మగ్గాన్ని నమ్ముకుని అక్కడికి పోయాయో లెక్కలేదు. యాభై ఆరు సెప్టెంబరు చివర అక్క దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అక్కకు రాయడం రాదు, పన్నెండేళ్ల కూతురు సుశీల రాసింది. తెలుగు అక్షరాల మధ్య అక్కడక్కడ మరాఠీ అక్షరాలు దూరాయి. "తమ్మీ, నవంబరు ఒకటి నుంచి తెలుగోల్లను తెలుగు రాజ్యానికి తోల్తరట. మీ బావ మగ్గం కొస కోసిండు. దసరా సెలవులకు వచ్చి మమ్ముల తీస్కపో."

తోలేస్తారన్న మాట కన్నా కొస కోశాడన్న మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎందుకో చెప్పాలి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు చివరి మూరెడు నేయకుండా దువ్వెన లాంటి పన్నెలోనే వదిలేస్తారు. కొత్త పడుగు పోగులను ఆ పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే బూడిద అద్ది మెలిపెట్టి అతుకుతారు. అలా ఒక పడుగు ఇంకో పడుగును లోపలికి లాక్కుపోతుంది. మగ్గం ఎప్పుడూ ఉత్తదిగా ఉండదు. కొస కోసేది రెండే సందర్భాల్లో. నేసేవాడు చనిపోయి వెనక ఎవరూ లేనప్పుడు, ఇల్లెత్తి వెళ్లిపోయేటప్పుడు.

నా భార్య ముందుగది ఖాళీ చేసి, మూడు చాపలు కొని, జొన్నల బస్తా దింపించింది. "మీ అక్కను జాగ్రత్తగ తీస్కరా" అంది. నేను బట్టల సంచిలో నా నోటుపుస్తకం కూడా పెట్టుకున్నాను. బళ్లో పౌరశాస్త్రం చెప్పడం కోసం మన రాజ్యాంగాన్ని రెండు వేసవి సెలవుల్లో కూర్చుని తెలుగులో నాకు తోచినట్టు రాసుకున్న పుస్తకం అది. ఎందుకు పెట్టుకున్నానని అడిగితే జవాబు లేదు. కొందరు తాయెత్తు కట్టుకుంటారు కదా.

వాడి జంక్షన్ దాకా

సికింద్రాబాదులో పొద్దున బండెక్కాను. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్క చోటు దొరకడం అదృష్టమనుకున్నాను. అది ఎంత అదృష్టమో ఎదురుగా కూర్చున్న మనిషి నోరు తెరిచాక తెలిసింది. నూలు కమీషన్ వ్యాపారి. చేతిలో గొడుగు, కోటుకు మూడు జేబులు, ప్రతి జేబులో ఒక వార్త.

"సోలాపూరా? ఇప్పుడా?" అన్నాడు. "పంతులూ, అందరు అక్కడికెల్లి వచ్చుడు చూస్తున్నరు, నువ్వు పోవుడేంది?"

అక్కను తీసుకురావడానికన్నాను.

"బరోబర్ చేస్తున్నవు. భాషకొక రాజ్యమంటె అర్థమేంది? ఎవని ఇంటికి వాడు పోవుడే. పాకిస్తాన్ అయినప్పుడు సూడలేదా? ముందుగాల గీత గీస్తరు. తర్వాత మనుషుల జరుపుతరు. నవంబరు దాటినంక పర్మిటు లేనిది ఇటోడు అటు పోడు."

అది అబద్ధమని నాకు తెలుసు. మూడేళ్లుగా పిల్లలకు నేనే చెబుతున్నాను, ఈ దేశానికి పౌరసత్వం ఒక్కటేనని, రాష్ట్రానికొకటి లేదని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పెట్టెలో ఇరవైమంది ఆయన వైపే చూస్తున్నారు. బొంబాయిలో ఈ రాష్ట్రాల గొడవలోనే జనవరిలో కాల్పులు జరిగాయని పేపర్లో మేమంతా చదివినవాళ్లమే. నోరు మూసుకున్నాను. నాలుగు గోడల మధ్య పిల్లలకు చెప్పినంత తేలిక కాదు, రైలు పెట్టెలో పెద్దలకు చెప్పడం.

పక్కన కూర్చున్న గుల్బర్గా ఆవిడ మూట విప్పి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం నా చేతిలో పెట్టింది. "ఊట మాడ్రి" అంది, తినమని. వాళ్ల ఊరు మైసూరులో కలవబోతోంది. భయంగా లేదా అని అడిగాను. తెలుగు, కన్నడం కలిపి ఆమె చెప్పిందేమిటంటే, ఊరు లేచి నడవదు కదా, నేను లేవకపోతే చాలు అని. నవ్వాను. లేవకుండా ఉండనిస్తారా అన్నదే కదా అసలు ప్రశ్న.

వాడి స్టేషనులో అణా పెట్టి టీ తాగాను. మా ఊళ్లో అణాకు నిండుగ్లాసు ఇస్తారు, ఇక్కడ ముప్పావే. వ్యాపారి అక్కడ దిగిపోయాడు. ఆయన దిగాడు గానీ ఆయన మాటలు దిగలేదు. గుండెల్లో రైళ్లు పరుగెత్తడమంటే ఏమిటో నిజంగా రైల్లో కూర్చునే తెలుసుకున్నాను.

హోట్గి దాటాక

నిజాం కాలంలో ఈ దారిలో రాజ్యం దాటాలంటే కరోడ్‌గిరి వాళ్లు మూటలు విప్పించేవారు. అంటే సుంకం వసూలు చేసే బంట్రోతులు. మా బావ తండ్రి దగ్గర ఒకసారి నూలంతా గుంజుకుంటే ఆయన ఖాళీ చేతులతో సోలాపూరు చేరాడని ఇంట్లో కథగా చెప్పేవారు. గీత, సుంకం చౌకీ, బంట్రోతు అంటే మా వాళ్లకు పుస్తకంలో మాటలు కావు. అందుకే హోట్గి స్టేషను దాటి మిల్లు పొగగొట్టాలు కనిపించగానే నేను తెలియకుండానే సంచిని ఒళ్లోకి లాక్కున్నాను. ఎవరూ రాలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా చేతులు సంచి మీదినుంచి తీయలేదు.

సోలాపూరు స్టేషనులో పోలీసులు ఎప్పటికన్నా ఎక్కువే కనిపించారు, లేక నాకే అలా అనిపించిందేమో. టాంగావాడు ఎక్కడికని మరాఠీలో అడిగాడు. "భవాని పేట్" అన్నాను, తెలుగు యాస తెలియకుండా రెండే మాటల్లో. వాడు వెనక్కి తిరిగి చక్కటి తెలుగులో, "రాజవ్వక్క తమ్మునివా? గదే ముక్కు" అన్నాడు. నా దొంగాట అలా ముగిసింది.

భవాని పేట

ఎనిమిదేళ్ల కింద వచ్చినప్పుడు ఈ పేటలో పక్కవాడి మాట వినపడేది కాదు. ప్రతి ఇంట్లో మగ్గం. పోగు మోసుకెళ్లే నాడె అటూ ఇటూ ఆడుతూ, తెల్లవారి మొదలైతే దీపాల దాకా ఒకటే టకటక. కరెంటు మగ్గాలు కొన్నవాళ్ల ఇళ్లయితే అదిరిపోయేవి. ఇప్పుడు టాంగా దిగేసరికి గుర్రం గిట్టల చప్పుడు మాత్రమే వినిపించింది. పొద్దు ఇంకా వాలలేదు. మా ఇళ్లల్లో మగ్గం ఆగేది శవం లేచిన రోజున.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. బాగా చిక్కింది. "వచ్చినవా తమ్మీ" అని చేయి పట్టుకుంది, వదల్లేదు. లోపల రెండు గుంట మగ్గాలు, గోతిలో కాళ్లు పెట్టుకుని నేసేవి. ఒకదాని మీద పడుగులో చివరి చీర సగం నేసి ఉంది. రెండోది ఉత్త కర్రలు. పన్నె బోసిగా గోడకు వేలాడుతోంది.

బావ మల్లయ్య మాటలు తక్కువ మనిషి. "కాళ్లు కడుక్కో బామ్మర్దీ" అన్నాడు. నేను పన్నె వైపు చూడడం చూశాడు. "నేను కోసినంక వారంల పదకొండు ఇండ్లల్ల కోసిన్రు. మల్లయ్యే కోసిండంటె ఏందో తెలిసే కోసిండనుకున్నరు. నాకేం తెల్వదు. భయమై కోసిన."

పేటంతా ఎందుకు నిశ్శబ్దంగా ఉందో అప్పుడర్థమైంది. కొస ఉన్నవాళ్లు కూడా కొత్త పడుగు అతకడం మానేశారు. పడుగు ఎక్కిస్తే అది తెగేదాకా ఇల్లు కదలకూడదని మా ఆచారం. కదలాల్సి వస్తే ఎట్లా అని ఎవరికి వారే ఆగిపోయారు. ఎవరూ వచ్చి తోలలేదు, దండోరా వేయలేదు, కాగితం అంటించలేదు. ఒకరి మగ్గం చూసి ఒకరు భయపడ్డారు.

ఇంకా ఒకటి చూశాను. ఆ సాయంత్రం బతుకమ్మ. ఏటా నడివీధిలో పెట్టి ఆడతారట, మరాఠీ ఆడవాళ్లు కూడా వచ్చి చూస్తారట. ఈసారి తంగేడు పూల బతుకమ్మను వెనక పెరట్లో పెట్టారు. ఆడవాళ్లు చప్పట్లు అరచేయికి అరచేయి తాకీ తాకనట్టు కొడుతున్నారు. పాట పెదాల మీదే ఉంది. నేను చాలా బతుకమ్మలు చూశాను, ఇంత మెల్లగా పాడినదాన్ని చూడలేదు. ఏడుపొచ్చింది, దగ్గినట్టు నటించాను.

కడక్ భాకరి

మర్నాడు పొద్దున అక్క కడక్ భాకరి పెట్టింది. అప్పడంలా ఎండబెట్టిన జొన్నరొట్టె. షేంగా చట్నీతో తింటారు. పల్లీలు, ఎండుకారం, వెల్లుల్లి రోట్లో నూనె కక్కేదాకా దంచుతారు. మా సర్వపిండి మెత్తన, ఇది పళ్లకు పరీక్ష. నెల దాటినా చెడదట. "దారికి పనికొస్తదని నలభై చేసిన" అంది అక్క. దారికి అన్న మాట విని సుశీల పళ్లెం పక్కకు జరిపింది.

"మామా, సిద్దిపేటల బడి ఉంటదా?"

"నేను చెప్పేదే అక్కడ."

"మరాఠీల చెప్తరా?"

"తెలుగులో, కొంచెం ఉర్దూలో."

ఆ పిల్ల తలవంచుకుంది. "మాఝీ శాళా..." అని ఏదో మొదలుపెట్టి ఆపేసింది. నా బడి అనబోయింది. సిద్దిపేట ఆ పిల్లకు ఎప్పుడూ చూడని ఊరు. నేను సొంతూరికి తీసుకుపోవడానికి వచ్చాననుకున్నాను. ఆ పిల్ల లెక్కలో సొంతూరు నుంచి తీసుకుపోవడానికి వచ్చాను.

పదింటికి, మిల్లు భోంగా కూసి కూలీలు రోడ్డెక్కే వేళ కాకపోయినా, దూరంగా అరుపులు వినిపించాయి. ఊరేగింపు. మరాఠీవాళ్లందరికీ ఒకే రాష్ట్రంగా సంయుక్త మహారాష్ట్ర కావాలంటున్నారు. మా మీద కోపంతో కాదు, వాళ్ల కోరిక వాళ్లది. కానీ ఆ గొంతులు దగ్గరికొచ్చేకొద్దీ పేటలో తలుపులు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. బావ గడియ పెట్టబోయాడు. అప్పుడే ఎదురింటి శాంతాబాయి వచ్చి మా గడప మీద కూర్చుని, చేటలో గోధుమలు ఏరడం మొదలుపెట్టింది.

"దార్ ఉఘడే ఠేవ్" అంది బావతో. తలుపు తెరిచే ఉంచమని. తర్వాత నాకోసం తెలుగులో, "మా పోరలే. వాల్లకేం తెలుస్తది, ఈడ లోపల భయపడుతున్నరని" అంది.

ఊరేగింపు పోయింది. ఒకడు శాంతాబాయికి దండం పెట్టాడు కూడా. నేను మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాను. ఎప్పుడు దిగానో నాకు గుర్తు లేదు. నలభై ఏళ్లవాణ్ణి, పంతుల్ని, గుంటలో దాక్కున్నాను. సుశీల చూసింది. పాపం చూడనట్టు తల తిప్పుకుంది.

శాంతాబాయి మాత్రం వదల్లేదు. "రాజవ్వా, తుఝా భావూ కానూన్ శికవతో నా?" అంది. నీ తమ్ముడు చట్టం చెబుతాడు కదా అని. "గా చట్టం బయటికి తీసి అందర్లకు చెప్పుమను. గుంటల కూసుంటె ఏం లాభం?"

మార్కండేయ గుడిలో

ఆ మధ్యాహ్నం మా నేతవాళ్ల కులదైవం మార్కండేయుడి గుడి మండపంలో నా పుస్తకం వినడానికి వందమంది దాకా పోగయ్యారు. నేను వద్దన్నాను. అక్క వినలేదు. నాకు ఊరేగింపు కన్నా ఇదే ఎక్కువ భయం వేసింది. ఉండండి అని చెప్పి, రేపు నిజంగా తోలేస్తే? వెళ్లండి అని చెప్పి, ముప్పై ఏళ్ల బతుకు ఉత్తపుణ్యానికి పోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నోటుపుస్తకం పట్టుకుని నేను.

"ముందుగాల ఇది చెప్పు పంతులూ" అన్నాడు అంబయ్య తాత. పేటలో అందరికన్నా పెద్ద నేతగాడు. "గా పుస్తకం ఎవరు రాసిన్రు? దొర ఇచ్చిండా, మనోల్లు రాసిన్రా?"

మనవాళ్లే రాశారన్నాను. తెల్లవాళ్లు పోకముందే, నలభై ఆరు డిసెంబరులో ఢిల్లీలో సభ కూర్చుంది. దాదాపు మూడేళ్లు కూర్చుంది. చిత్తుప్రతి అచ్చువేసి జనం చేతికిచ్చారు, మీకు తోచింది రాసి పంపండన్నారు. సభలోవాళ్లు వేల సవరణలు తెచ్చారు. ఒక్కో మాట మీద కొట్లాడుకుని, ఒప్పుకుని, నలభై తొమ్మిది నవంబరులో చివరి మాట ఖాయం చేశారు. యాభై జనవరి ఇరవై ఆరు నుంచి అదే దేశానికి పెద్ద చట్టం.

"ఆ సభకు మనల అడిగి పంపిన్రా?" అంది అక్క. ఆడవాళ్ల వైపు నుంచి.

ఇక్కడ నేను అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేకపోయాను. అప్పుడు ఓటు అందరికీ లేదు, ఆస్తో చదువో ఉన్న కొందరికే ఉంది. వాళ్లు ఎన్నుకున్నవాళ్లు మళ్లీ సభవాళ్లను ఎన్నుకున్నారు. మన హైదరాబాదు సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కానీ ఆ సభ రాసిన పుస్తకమే మనందరికీ, అక్కకూ నాకూ కూడా, ఓటిచ్చింది. యాభై రెండులో నువ్వు వేలుకు సిరా పెట్టించుకున్నావు కదా అన్నాను. అక్క చూపుడువేలు చూసుకుంది.

అందులో ఏముందో చెప్పమన్నారు. ఇరవై రెండు భాగాలు, మూడువందల తొంభై అయిదు అధికరణాలు, మొదట ఎనిమిది షెడ్యూళ్లు, తర్వాత ఇంకొకటి చేర్చారు అంటే ఎవరికేం ఎక్కుతుంది? ఇంటి లెక్కన చెప్పాను. పైన ఢిల్లీ సర్కారు, కింద రాష్ట్రాల సర్కార్లు. సైన్యం, రైలు, టపా ఢిల్లీవి. పోలీసు, దవాఖానా రాష్ట్రానివి. కొన్ని ఇద్దరివీ. చట్టం చేసేవాళ్లు ఒకరు, నడిపేవాళ్లు ఒకరు, తప్పొప్పులు తేల్చే కోర్టులు వేరు. వీళ్లందరి కన్నా ముందు, మూడో భాగంలో, ఏ సర్కారూ ముట్టుకోకూడని మన హక్కులు.

"మరి మా రాజ్యం మార్చుడు?" అన్నారెవరో.

మూడో అధికరణం చదివాను. పార్లమెంటు కొత్త రాష్ట్రాలు చేయవచ్చు, ఉన్నదాన్ని విడదీయవచ్చు, కలపవచ్చు, హద్దులు జరపవచ్చు, పేరు మార్చవచ్చు. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతారు, కానీ దాని ప్రకారమే చేయాలని లేదు. చదువుతుంటేనే ఒకామె పైట నోట్లో కుక్కుకుంది. వెనక వరుసలో ఇద్దరు లేచి నిలబడ్డారు. చేతులారా నేనే మంట పెట్టానేమో అనిపించి, గబగబా పేజీలు తిప్పాను.

పందొమ్మిదో అధికరణం దొరికింది. పౌరులందరికీ భారత భూభాగమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కు ఉంది. భారత భూభాగంలో ఏ ప్రాంతంలోనైనా నివసించే, స్థిరపడే హక్కు ఉంది. ఏ వృత్తినైనా చేసుకునే హక్కు ఉంది. "హద్దు జరిగితే భూమి పేరు మారుతుంది. మీ కాళ్లకు హద్దు లేదు. ఏ ప్రాంతంలోనైనా అన్నారు. సోలాపూరు తప్ప అనలేదు" అన్నాను. నిలబడ్డ ఇద్దరూ కూర్చున్నారు. నాకు ఒక్క క్షణం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలోనే తప్పు చేశాను. పుస్తకం మూసేయబోయాను.

"ఆగు" అన్నాడు బావ. ముందు వరుసలో కూర్చుని నా వేలినే చూస్తున్నాడు. ఆయనకు చదువు రాదు. "కింద ఏదో ఇడిచినవు. నీ వేలు ఒగ జాగల దుంకింది."

పడుగులో ఒక్క పోగు తప్పితే అడుగు దూరం నుంచి కనిపెట్టే కళ్లు అవి. నిజమే, వదిలేశాను. కింద అయిదో ఉపవాక్యం ఉంది. చదవక తప్పలేదు. సాధారణ ప్రజల మేలు కోసం ఈ సంచారం మీద, నివాసం మీద సర్కారు సమంజసమైన ఆంక్షలు పెట్టే చట్టం చేయవచ్చు.

"గదీ" అన్నాడు బావ. "పైన ఇచ్చిండు, కింద గుంజిండు. కరోడ్‌గిరోడు గిట్లనే మాట్లాడేది."

నేను గుడి గంట కింద నిలబడి, ఈ నేల విచ్చుకుంటే బాగుండనుకున్నాను. అప్పుడు అక్క అడిగింది.

"సమంజసమా కాదా అని ఎవరు తేలుస్తరు? ఆంక్ష పెట్టినోడేనా?"

"కాదు. కోర్టు తేలుస్తుంది. హక్కు పోయిందంటే ఎవరైనా, ముప్పై రెండో అధికరణం ప్రకారం నేరుగా సుప్రీంకోర్టుకే పోవచ్చు. అది కూడా హక్కే."

"నేను పోవచ్చునా?"

"నువ్వు పోవచ్చు."

"ఢిల్లీ ఎంత దూరం?"

"రెండు మూడు రోజుల రైలు."

"నలభై భాకరీలు సాలుతయి" అంది అక్క. కొందరు నవ్వారు. బావ నవ్వలేదు. అందరూ లేచిపోతుంటే నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "రాసింది గాదు పంతులూ. నీకు నమ్మకం ఉన్నదా?" ఉందని చెప్పాను. నా గొంతు ఉందన్నట్టు లేదు. ఆయనకు అది కూడా కనిపించే ఉంటుంది.

దసరా

మా దగ్గర దసరాకు జమ్మి ఆకు ఇచ్చి బంగారమంటాం. అక్కడ ఆపటా ఆకు ఇచ్చి "సోనం ఘ్యా" అంటారు. ఆకు వేరు, బంగారం ఒకటే. శాంతాబాయి పొద్దున్నే వచ్చి అక్క చేతిలో ఆకులు పెట్టింది. ఆ రోజు మగ్గానికి పసుపు కుంకుమలు పెట్టాలి. అక్క నేస్తున్న మగ్గానికి పెట్టి, ఉత్త మగ్గం ముందుకు వచ్చి ఆగింది. తర్వాత కుంకుమ పళ్లెం కింద పెట్టి, గోడకున్న పన్నె దించింది. మూలనున్న పడుగు ఉండ తెచ్చి మగ్గానికి కట్టింది.

"ఏం చేస్తున్నవే?" అన్నాడు బావ.

"నన్ను అడిగి కోసినవా కొస? నేను అడిగి ఎక్కియ్యాల్నా?"

"రేపు రైలున్నది. మీ తమ్ముడు పనిగట్టుకుని వచ్చిండు."

"నేనే రమ్మన్న, నేనే పొమ్మంట. జాబు రాసిన్నాడు నాకు భయం ఒక్కటే తెల్సు. నిన్న ఇంకో మాట తెల్సింది. భయం పోలేదు, గది గూడ ఉన్నది." నా వైపు తిరిగింది. "తమ్మీ, కూసో. ఒక్కొక్క పోగు అందియ్యి."

కొస ఉంటే పోగులు అతికితే సరిపోయేది. లేదు కాబట్టి రెండు వేల పైచిలుకు పోగుల్ని ఒక్కొక్కటిగా పన్నె పళ్ల సందుల్లోంచి లాగాలి. ఒకరు వెనక కూర్చుని అందివ్వాలి, ఒకరు ముందు కూర్చుని కొక్కెంతో లాగాలి. నేను మగ్గం మానేసి పాతికేళ్లయింది. పలక పట్టిన వేళ్లకు పోగు చిక్కడం లేదు. అయినా కూర్చున్నాను. బావ బయట అరుగు మీద బీడీ వెలిగించి మాకు వీపు తిప్పి కూర్చున్నాడు.

అక్క ఉండిపోవడానికి కారణం నేను చదివిన నాలుగు వాక్యాలు. అవి రాసినవాళ్లెవరూ భవాని పేట చూసి ఉండరు. ఏదైనా జరిగితే సుప్రీంకోర్టు ఏమంటుందో గానీ నా మనసు నన్ను క్షమించదు. "అక్కా, పోనీ నవంబరు దాటేదాకా మా ఇంట్లో ఉండి చూడరాదూ" అన్నాను చిన్నగా.

"పడుగు ఎక్కినంక కదలొద్దు కదా" అంది. అందుకే ఎక్కిస్తోందని అప్పుడర్థమైంది. తన కాళ్లను తానే కట్టేసుకుంటోంది.

మధ్యాహ్నం దాటేసరికి మూడోవంతు కూడా కాలేదు. బావ నీళ్ల కోసం లోపలికొచ్చి, చెంబు ఎత్తబోతూ ఆగాడు. పన్నె వైపు వంగాడు.

"ఈడ రెండు పోగులు ఒక్క పంటిల వోయినయి. ఆడ ఒగ పన్ను ఉత్తగుంది. కండ్లు ఏడ వెట్టినవు బామ్మర్దీ?"

తప్పే. రెండు కలిసి వెళ్లాయి. అలా నేస్తే చీర పొడవునా గీత పడుతుంది. బావ చెంబు కింద పెట్టాడు. తప్పు పడుగును చూసి అవతలికి పోవడం ఆయన వల్ల కాదు. "లే" అన్నాడు నాతో. నా చోట్లో కూర్చుని, వంద పోగులు వెనక్కి తీసి, మళ్లీ మొదటినుంచి అందివ్వడం మొదలుపెట్టాడు. అక్క తలెత్తలేదు. లాగుతూనే ఉంది.

కాసేపయ్యాక ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు. "ఉత్తగ ఎందుకు నిలవడ్డవు? గా పందొమ్మిది మల్లొకసారి చదువు. కింది ముక్కతోని సహా."

చదివాను. గుమ్మం దగ్గర ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు, వినడానికో, మల్లయ్య కొస లేని మగ్గాన్ని మళ్లీ నింపడం చూడ్డానికో. సాయంత్రానికి ఎక్కడో నాలుగిళ్ల అవతల ఒక నాడె ఆడిన చప్పుడు వినిపించింది. ఒక్కటే.

తిరుగుదారి

మర్నాడు ఒక్కణ్ణే బయల్దేరాను. అక్క గుమ్మం దాకా రాలేకపోయింది. చేతి నిండా పోగులున్నాయి, వదిలితే చిక్కుపడతాయి. సుశీల సంచి అందించింది. అందులో భాకరీలు ఇరవై. బావ టాంగా పిలిచి, "పైలం" అని ఒక్కమాటలో జాగ్రత్త చెప్పాడు. టాంగా కదులుతుంటే లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది.

"తమ్మీ, నవంబరు ఒకటి దాటంగనే సుశీలతోని జాబు రాయిస్త. జాబు రాకపోతె నువ్వు రా."

ఇంటికొచ్చి మూడు వారాలైంది. నా భార్య ముందుగది అలాగే ఉంచింది, నేను సర్దమనలేదు. సోలాపూరు నుంచి కార్డు చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. ఇవాళ నవంబరు తొమ్మిది. పోస్టుమాన్ మా సందులోకి వచ్చి, రెండిళ్లలో ఇచ్చి, మా ఇల్లు దాటి వెళ్లిపోయాడు. సెలవు చీటీ రాసిపెట్టాను. రేపు కూడా రాకపోతే ఎల్లుండి పొద్దున బండికి వెళ్తాను.